నొప్పితో నడిచేవాళ్ళకి ఏ కర్ర, ఏ వాకర్? బెజవాడ, గుంటూరు వాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

నడుం నొప్పి, తుంటి నొప్పి, అరిగిపోయిన మోకాళ్ళు, కీళ్ళవాతం, ఒళ్ళంతా నొప్పులు, వీటిల్లో ఏదో ఒకటి నెలల తరబడి పట్టుకుని వదలనివాళ్ళ కోసం ఇది రాస్తున్నా. కాలు విరిగి కట్టు కట్టించుకున్నవాళ్ళ సంగతి వేరు, కర్రలు ఎప్పుడు తీసెయ్యాలో వాళ్ళకి డాక్టరే చెప్తారు. మనకి అలాంటి తేదీ ఏదీ ఉండదు. పైగా మనలో చాలామందికి ఏ డాక్టరూ కర్ర వాడమని రాసివ్వరు, మాత్రలు రాస్తారు, బెల్టు రాస్తారు, కర్ర సంగతి మాత్రం మనమే అడగాలి. నాకు నడుం నుంచి కుడి కాల్లోకి దిగే నొప్పి ఏళ్ళ తరబడి ఉంది, స్టిక్ వాడతాను, మా అమ్మ మోకాళ్ళకి వాకర్ వాడుతుంది, మా ఇద్దరినీ చూసి అపార్ట్‌మెంట్‌లో వాళ్ళు, చుట్టాలు, ఫిజియో దగ్గర పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళు అడిగే ప్రశ్నలే ఇవన్నీ.

నాకింకా 40 కూడా దాటలేదు, నడవగలుగుతున్నాను కూడా. అప్పుడే కర్ర ఎందుకండీ?

నడవగలుగుతున్నారు సరే, నడిచి వచ్చాక ఏమవుతోంది? రైతు బజార్‌కి వెళ్ళొచ్చి మధ్యాహ్నం అంతా మంచం మీదే ఉండాల్సొస్తోందా, పెళ్ళికి పిలిస్తే భోజనాల దగ్గర ఎంతసేపు నిలబడాలో అని మానేస్తున్నారా, గోడలు, గ్రిల్స్, పక్కవాళ్ళ భుజం పట్టుకుంటూ నడుస్తున్నారా, వీటిల్లో ఒక్కదానికి అవునన్నా మీకు ఆసరా అవసరమైనట్టే. గోడ పట్టుకుని నడిచేవాళ్ళు అప్పటికే ఆసరాతో నడుస్తున్నారు, కాకపోతే ఆ గోడ వీధి చివరిదాకా రాదు. వయసుతో దీనికి సంబంధం లేదు. 3 నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు, అది పాతికేళ్ళ పిల్లకీ వస్తుంది, డెబ్బై ఏళ్ళ పెద్దాయనకీ వస్తుంది. ఇప్పుడు మానేస్తున్న పనుల్లో కొన్నిటినైనా మళ్ళీ చెయ్యనిస్తుందా లేదా అన్నది చూడండి, జబ్బు పేరు పట్టుకుని తేల్చుకోకండి. ఒకే ఎక్స్‌రే రిపోర్టుతో ఒకరు కొండెక్కుతారు, ఒకరు వంటింట్లోంచి హాల్లోకి రాలేరు.

కర్రకి అలవాటు పడితే కాళ్ళు ఇంకా బలహీనం అయిపోతాయంటారు?

ఈ మాట అనని చుట్టం లేడు. కాళ్ళు బలహీనమయ్యేది నడక మానేస్తే. నొప్పికి భయపడి ఇంట్లో కూర్చుంటే తొడ కండ సన్నబడుతుంది, మోకాలికి ఆసరా తగ్గుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. కర్ర ఉండి రోజూ వీధి చివరి పాల బూత్ దాకా వెళ్ళొస్తుంటే కండ పనిచేస్తూనే ఉంటుంది కదా. ఇంకోటి, కుంటుతూ నడిస్తే బాగున్న కాలు, నడుం, అవతలి తుంటి మీద అదనపు బరువు పడుతుంది, కొన్నాళ్ళకి నొప్పి లేని వైపు కూడా మొదలవుతుంది. ఫిజియో నేర్పిన ఎక్సర్‌సైజులు మానెయ్యకుండా కర్ర వాడితే బలహీనం అవుతారన్న భయం అక్కర్లేదు. ఎక్సర్‌సైజులు మానేసి కర్ర మీదే ఆధారపడతాం అంటే మాత్రం నేనొప్పుకోను.

నొప్పి కుడి కాలికి ఉంటే కర్ర కుడి చేత్తోనే కదా పట్టుకోవాలి?

కాదండీ, ఎడమ చేత్తో. నొప్పి ఉన్న కాలికి ఎదురు చేత్తో పట్టుకోవాలి. బెజవాడ, గుంటూరు రోడ్ల మీద కర్రతో నడిచేవాళ్ళని గమనించండి, చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుని దాని మీదకి ఒరిగిపోతూ నడుస్తుంటారు, చూస్తుంటే నాకు ఆపి చెప్పాలనిపిస్తుంది, ఒక్కోసారి చెప్తాను కూడా.

ఎందుకంటే, నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ కాసేపు ఒంటి కాలి మీద ఉంటాం. కుడి కాలి మీద ఉన్న ఆ క్షణంలో ఒళ్ళు ఎడమ వైపుకి పడిపోకుండా కుడి తుంటి పక్కన ఉన్న కండరాలు గట్టిగా లాగి పట్టుకుంటాయి. ఒంటి బరువు, దానికి తోడు ఈ లాగుడు, రెండూ కలిసి తుంటి కీలు మీద పడే భారం మన బరువుకి రెండున్నర మూడు రెట్లు ఉంటుంది. 70 కేజీల మనిషికి ఎంతో లెక్కేసుకోండి. ఎడమ చేతిలో కర్ర ఉండి కుడి కాలు వేసేటప్పుడే దాన్ని నేలకి నొక్కితే ఎడమ వైపు నుంచి పైకి ఆసరా వస్తుంది, కుడి తుంటి కండరాలు అంత లాగక్కర్లేదు. చేత్తో కొంచెం నొక్కినా కీలుకి చాలా తేడా వస్తుంది. మోకాలికైనా ఇదే పద్ధతి.

నడక ఇలా ఉండాలి: కర్ర, నొప్పి కాలు రెండూ కలిసి ముందుకి, తర్వాత బాగున్న కాలు. కర్రని పాదం పక్కనే కొంచెం బయటికి వెయ్యాలి, మరీ ముందుకి విసిరినట్టు వేస్తే నడుం వంగిపోతుంది. మొదటి వారం ఇదంతా డ్యాన్స్ స్టెప్‌లా అయోమయంగా ఉంటుంది, కంగారు పడకండి, హాల్లో అటూ ఇటూ నడిచి అలవాటు చేసుకున్నాకే రోడ్డెక్కండి. నడుం నొప్పి ఒక కాల్లోకి దిగేవాళ్ళు కూడా ముందు ఎదురు చేత్తోనే మొదలుపెట్టండి. కుడిచేతి వాటం కాబట్టి కుడి చేత్తోనే బాగుందనేవాళ్ళకి నేను చెప్పేది, ఒక వారం ఎదురు చేత్తో వాడి చూసి అప్పుడు తేల్చుకోండి.

ఎత్తు ఎంత ఉండాలి? షాపులో అన్నీ ఒకే సైజు అంటున్నారు.

అన్నీ ఒకే సైజని ఎవరైనా అంటే ఆ షాపులోంచి వచ్చెయ్యండి. స్టిక్ మంచిదా చెడ్డదా అన్నదానికన్నా ఎత్తు సరిగ్గా ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఎక్కువ ఎత్తైతే భుజం పైకి లేచి మెడ పట్టేస్తుంది, తక్కువైతే పక్కకి వంగి వంగి నడుం నొప్పి పెరుగుతుంది, ఉన్న నొప్పి చాలక ఇంకోటి కొనుక్కున్నట్టవుతుంది.

కొలత తీసుకోవడం తేలికే. బయటికి వేసుకెళ్ళే చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడండి, చేతులు వదులుగా కిందకి వెయ్యండి, మణికట్టు దగ్గర ముడత గీత ఉంటుంది చూడండి, లేదా చిటికెన వేలి వైపు పొడుచుకొచ్చిన ఎముక, ఆ ఎత్తుకి హ్యాండిల్ పైభాగం రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొంచెం వంగి ఉండాలి, 15 నుంచి 30 డిగ్రీల మధ్య. కొలత మీరే తీసుకుంటే చెయ్యి చూడ్డానికి వంగుతారు, లెక్క తప్పుతుంది, ఇంకొకరిని కొలవమనండి. అల్యూమినియం స్టిక్‌కి చిల్లులు, నొక్కే బటన్ ఉంటాయి, బటన్ పూర్తిగా బయటికొచ్చి టక్ మని కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి, దాని కింద బిగించే రింగ్ ఉంటే అదీ తిప్పండి, లేకపోతే అడుగడుక్కీ గలగలమంటుంది.

తాతగారి చెక్క కర్ర ఇంట్లో ఉంది, అది వాడొచ్చా అని అడుగుతారు. బీటలు లేకపోతే, ఎత్తు మీకు సరిపోతే వాడొచ్చు. ఎక్కువైతే కింద నుంచి కోయించి కొత్త రబ్బరు వేయించండి, రబ్బరు మందం కూడా లెక్కలో పెట్టుకుని కోయించండి. కాకపోతే వంకీ కర్రలకి పిడి గుండ్రంగా ఉంటుంది కాబట్టి బరువంతా అరచేతిలో ఒక్కచోటే పడుతుంది, రోజంతా వాడేవాళ్ళకి పైన అడ్డంగా, చదునుగా ఉండే పిడి హాయి.

రెండు మోకాళ్ళూ నొప్పే. ఏ చేత్తో పట్టుకోవాలి?

ఎక్కువ నొప్పి ఉన్నదానికి ఎదురు చేత్తో. రెండూ సమానంగా ఉంటే రెండు చేతుల్లో రెండు కర్రలు, లేదా మోచేతి క్రచెస్ (ముంజేతికి కడియంలా పట్టు ఉండే కర్రలు) రెండు, లేదా వాకర్. ఒక కర్ర మీద మన బరువులో మహా అయితే పావు వంతు మోపగలం, అంతకన్నా ఎక్కువ మోపాల్సొస్తుంటే, అంటే కర్ర పట్టుకున్న చెయ్యి సాయంత్రానికి పీకేస్తుంటే, మీకు ఒక కర్ర చాలట్లేదని అర్థం. కొండలెక్కేవాళ్ళు వాడే ట్రెక్కింగ్ స్టిక్స్ జత కూడా కొందరికి బాగుంటుంది, చూడ్డానికి వాకింగ్‌కి వెళ్తున్నట్టే ఉంటుంది కాబట్టి మొహమాటపడేవాళ్ళు దాంతో మొదలుపెడతారు, కానీ అవి బ్యాలెన్స్‌కి, నడుం నిటారుగా ఉంచడానికే, ఒళ్ళు మొత్తం మోపడానికి కాదు.

నాలుగు కాళ్ళ స్టిక్ గట్టిగా ఉంటుందని అదే కొనమంటున్నారు.

ఇంట్లో గచ్చు మీద గట్టిగానే ఉంటుంది, దానంతటదే నిలబడుతుంది, మంచం పక్కన పెట్టుకుంటే పడిపోదు, పక్షవాతం వచ్చినవాళ్ళకి, బ్యాలెన్స్ బాగా తక్కువైనవాళ్ళకి మంచిది. మన వీధుల్లో మాత్రం ఇబ్బంది. నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలకి ఆనాలి, డ్రైనేజీ పలకల మీద, కంకర తేలిన రోడ్డు మీద మూడే ఆనుతాయి, స్టిక్ ఊగుతుంది. త్వరగా నడిచేవాళ్ళకి అసలు కుదరదు. మెట్టు వెడల్పు తక్కువైతే దాని మీద పట్టదు కూడా. కొంటే చిన్న బేస్ ఉన్నది తీసుకోండి, బయటికి పొడుచుకొచ్చిన కాళ్ళు అవతలి వైపుకి, చదునుగా ఉన్న వైపు మీ కాలి వైపుకి ఉండేలా పట్టుకోండి, తిరగేసి పట్టుకుంటే మీ కాలే దానికి తగులుకుంటుంది. చీర కట్టేవాళ్ళకి కుచ్చిళ్ళు దాని కాళ్ళలో ఇరుక్కుంటాయి, ఒక అంగుళం పైకి కట్టుకోవాలి.

నాకు కీళ్ళవాతం, వేళ్ళు, మణికట్టు కూడా నొప్పే. కర్ర పట్టుకోవడమే కష్టం.

మీకు మామూలు స్టిక్ పనికిరాదు, దయచేసి పళ్ళు బిగించి వాడకండి. సన్నటి పిడి పట్టుకోవాలంటే వేళ్ళు గట్టిగా ముడవాలి, వాచిన కీళ్ళకి అదే నరకం. అరచెయ్యి ఆకారంలో వెడల్పుగా ఉండే పిడులు వస్తాయి, కుడి చేతికి వేరు, ఎడమ చేతికి వేరు, బరువు అరచెయ్యి అంతా పరుచుకుంటుంది. ఏ చేతిదో చూసుకుని కొనండి, తప్పుగా ఇచ్చేస్తుంటారు. ఉన్న పిడినే లావు చెయ్యాలంటే సైకిల్ షాపులో దొరికే ఫోమ్ గ్రిప్ వేయించుకోండి, బట్ట చుట్టొద్దు, మే నెల ఎండకి చెమట పట్టి ఆ బట్ట చేతిలోనే తిరిగిపోతుంది. మణికట్టు బరువు అస్సలు ఆపలేకపోతే ముంజేతి మొత్తాన్ని ఆనించే పట్టీ ఉన్న క్రచెస్, వాకర్లు ఉన్నాయి, బరువు మోచేతి నుంచి ముంజేతి మీద పడుతుంది. ఇవి ప్రతి షాపులో ఉండవు, తెప్పించమని అడగాలి. మీరు మాత్రం కొనేముందు ఫిజియోని గానీ, పెద్దాసుపత్రుల్లో ఉండే ఫిజికల్ మెడిసిన్ డాక్టర్‌ని గానీ కలవండి.

అటక మీద చంక కర్రలు ఉన్నాయి, అవే వాడితే?

కొన్ని వారాలకి ఫర్వాలేదు, ఏళ్ళ తరబడి నొప్పికి వద్దు. జనం చంకలో బరువు మోపి వేలాడతారు, అక్కడ చేతికి వెళ్ళే నరాలు ఉంటాయి, అవి నలిగితే చెయ్యి తిమ్మిరెక్కడం, మణికట్టు పైకి లేవకపోవడం వస్తాయి. చంకకీ కర్రకీ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టే ఖాళీ ఉండాలి, బరువంతా చేతుల మీదే ఉండాలి. దీర్ఘకాలం వాడేవాళ్ళకి మోచేతి క్రచెస్ మేలు.

వాకర్ తీసుకోవాలా, చక్రాల వాకర్ తీసుకోవాలా?

మూడు రకాలున్నాయి. చక్రాలు లేనిది: అన్నిటికన్నా స్థిరం, బరువంతా మోపొచ్చు, కానీ ప్రతి అడుగుకీ ఎత్తి పెట్టాలి, భుజాలు, నడుం నొప్పి ఉన్నవాళ్ళు పది అడుగులకే అలిసిపోతారు. ముందు రెండు చక్రాలున్నది: ఎత్తక్కర్లేదు, తోసుకుంటూ పోవచ్చు, ఇంట్లో వాడకానికి నాకు ఇదే ఇష్టం, మా అమ్మదీ ఇదే. నాలుగు చక్రాలు, బ్రేకులు, కూర్చోడానికి సీటు ఉన్నది, దాన్ని రోలేటర్ అంటారు: త్వరగా అలిసిపోయేవాళ్ళకి, కాసేపు నడిచి కాసేపు కూర్చోవాల్సినవాళ్ళకి ఇది వరం.

కానీ రోలేటర్ మీద బరువంతా మోపి ఒరిగితే అది ముందుకి జారిపోతుంది. మోకాలు ఉన్నట్టుండి మడత పడిపోయేవాళ్ళు దాని జోలికి పోకండి. కూర్చునే ముందు రెండు బ్రేకులూ లాక్ చెయ్యడం ఒళ్ళు మర్చిపోయినా చెయ్యి మర్చిపోకూడదు. చిన్న చక్రాలైతే వీధిలో పలకల సందుల్లో ముందు చక్రం దిగబడి ఆగిపోతుంది, మనం ఆగం, అక్కడే పడేది. బయట వాడేదైతే 8 అంగుళాల చక్రాలు చూడండి. కొనేముందు ఇంట్లో తలుపులు టేపుతో కొలవండి, ముఖ్యంగా బాత్రూమ్ తలుపు, పాత అపార్ట్‌మెంట్లలో అవి చాలా ఇరుకు, వాకర్ హాల్లో ఒక ప్రదర్శన వస్తువులా మిగిలిపోయిన ఇళ్ళు నేను చూశాను. లిఫ్ట్ కూడా కొలవండి. ఏ వాకర్‌తోనూ మెట్లు ఎక్కొద్దు. కుర్చీలోంచి లేచేటప్పుడు వాకర్ పట్టుకుని లాగొద్దు, అది మీ మీదకే వస్తుంది, కుర్చీ చేతుల మీద నొక్కి లేచి నిలబడ్డాక వాకర్ పట్టుకోండి.

నిటారుగా నడిస్తే కాళ్ళు లాగేస్తాయి, వంగితే హాయిగా ఉంటుంది. ఇదేం నొప్పి?

సూపర్ మార్కెట్‌లో ట్రాలీ తోస్తుంటే ఎంతసేపైనా నడుస్తా, ఉత్తి చేతుల్తో నడిస్తే వంద గజాలకే కాళ్ళు బరువెక్కి కూర్చోవాల్సొస్తుంది, ఇలా అనేవాళ్ళకి వెన్నులో నరాల దారి ఇరుకైపోయి ఉండొచ్చు, కొంచెం ముందుకి వంగితే ఆ దారి కాస్త తెరుచుకుంటుంది. డాక్టర్‌కి ఇదే మాట ఇలాగే చెప్పండి, ట్రాలీ సంగతి కూడా చెప్పండి, వాళ్ళకి చాలా పనికొస్తుంది. కాళ్ళలో రక్తప్రసరణ తగ్గినా నడిస్తే ఇలాగే లాగుతాయి, రక్తప్రసరణదైతే ఆగి నిలబడ్డా సర్దుకుంటుంది, వెన్నుదైతే కూర్చోవాలి, లేదా వంగాలి. వెన్ను నొప్పి ఇదేనని తేలితే ఒంటి కర్ర కన్నా రోలేటర్‌తోనే ఎక్కువ దూరం వెళ్ళగలుగుతారు.

మెట్లు ఎలా?

ఎక్కేటప్పుడు ముందు బాగున్న కాలు, తర్వాత కర్ర, నొప్పి కాలు. దిగేటప్పుడు ముందు కర్ర, నొప్పి కాలు, తర్వాత బాగున్నది. రెయిలింగ్ ఉంటే ఒక చెయ్యి దాని మీదే ఉండాలి, దానికోసం కర్ర చెయ్యి మార్చుకోవాల్సొచ్చినా మార్చుకోండి. మొగల్రాజపురం, గుణదల, విద్యాధరపురం కొండల మీద ఇళ్ళున్నవాళ్ళకి ఇది రోజూ పని, మెట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉంటాయి, రెయిలింగ్ ఉండదు, అలాంటిచోట ఒక వైపు పైపు బిగించుకోమని ఇంటివాళ్ళని, పక్కింటివాళ్ళని కూడగట్టుకుని అడగండి. పైపుకీ బిగింపుకీ అయ్యే ఖర్చు ఒక్క పడిపోవడంతో అయ్యే ఖర్చులో ఎంతో కాదు.

ఇంట్లో కూడా కర్ర వాడాలా?

చాలామంది ఇంట్లో పక్కన పడేస్తారు, పడేది మాత్రం ఇంట్లోనే. గడపలు, తడి బాత్రూమ్, రాత్రి కరెంటు పోయినప్పుడు. పొద్దున్నే కడిగిన వాకిలి, గ్రానైట్ మెట్టు మీద నీళ్ళు ఉంటే రబ్బరు కూడా జారుతుంది, ఆరేదాకా ఆగండి. చాపలు, డోర్ మ్యాట్లు తీసెయ్యండి. బాత్రూమ్‌లో కర్రని నమ్మకండి, గోడకి గ్రాబ్ బార్, అంటే పట్టుకునే కడ్డీ, బిగించండి, దాన్ని డ్రిల్ వేసి స్క్రూలతో బిగించాలి, అతికించేది వద్దు, టవల్ వేసుకునే రాడ్ పట్టుకుంటే ఊడొస్తుంది. కింద కూర్చునే టాయిలెట్ ఉన్న ఇళ్ళలో పైన పెట్టుకునే కమోడ్ కుర్చీ తీసుకోండి, మోకాళ్ళవాళ్ళకి స్టిక్ కన్నా ముందు అదే కొనాలంటాను నేను. బయట హవాయి చెప్పులు మానేసి వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి.

బస్సు, ఆటో, గుడి?

ఆర్టీసీ బస్సు మెట్టు ఎత్తు మనకి పెద్ద సమస్య. వీలైతే మధ్యలో స్టాప్‌లో కాకుండా బస్టాండ్‌లో, అంటే బెజవాడలో నెహ్రూ బస్టాండ్, గుంటూరులో ఎన్టీఆర్ బస్టాండ్‌లోనే ఎక్కండి, బస్సు ఆగి ఉంటుంది, తోపులాట లేకుండా ఎక్కొచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, సిటీ బస్సుల్లో టికెట్ లేదు, చాలా మంచిదే, ఆఫీసుల టైమ్‌కి మాత్రం నిలబడే చోటు ఉండదు, మనలాంటివాళ్ళు పదకొండు దాటాక బయల్దేరితే మేలు. ఆటోలో మొదట సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకుని, ఆఖర్న కర్ర లాక్కోండి, ఒక కాలు ఎత్తిపెట్టి మెలితిరిగి ఎక్కితే నడుం పట్టేస్తుంది. మడత స్టిక్ బండి వెనక కూర్చునేవాళ్ళకి, బస్సుల్లో వెళ్ళేవాళ్ళకి బాగుంటుంది, కాకపోతే రోజంతా బరువు మోపేవాళ్ళు గట్టి స్టిక్కే వాడండి, మడత దగ్గర కొన్నాళ్ళకి లూజ్ అవుతుంది.

దుర్గమ్మ గుడికి లిఫ్ట్ ఉంది, మెట్ల దారిన మొక్కు ఉంటే తప్ప లిఫ్ట్‌లోనే వెళ్ళండి. దసరాల్లో మూలా నక్షత్రం రోజు మాత్రం వద్దు, ఆ జనంలో కర్ర ఎవరి కాలికి తగిలినా ఇద్దరూ పడతారు. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే అమ్మవారు అప్పుడూ అక్కడే ఉంటుంది. చెప్పులు విప్పాక మీ ఎత్తు తగ్గి స్టిక్ పొడుగనిపిస్తుంది, మడమ ఎత్తు చెప్పులు వేసుకునేవాళ్ళు ఒక చిల్లు తగ్గించుకోండి. క్యూలో నిలబడలేనివాళ్ళకి తెరిస్తే సీటయ్యే స్టిక్‌లు ఉన్నాయి, మూడు కాళ్ళూ పూర్తిగా తెరుచుకున్నాకే కూర్చోండి.

ఒక రోజు కర్రతో, ఒక రోజు కర్ర లేకుండా వెళ్తే జనం నటిస్తున్నానని అంటున్నారు.

నిన్న బానే నడిచింది కదా, ఈరోజు కర్రేంటి, ఈ మాట చాలామందిని ఏడిపించింది, నన్ను కూడా. ఈ నొప్పుల తీరే అంత, ఒకరోజు తగ్గుతుంది, ఒకరోజు మంచం దిగనివ్వదు, వానాకాలం ముసురు పట్టినప్పుడు నాకు ఎక్కువ అంటారు కొందరు, రాత్రి నిద్ర పట్టకపోతే మర్నాడు ఎక్కువ అంటారు ఇంకొందరు. అవసరమైన రోజు వాడండి, అక్కర్లేని రోజు మానండి, అది మీ ఇష్టం. నాదొక సలహా, బాగున్న రోజున కూడా దూరం వెళ్తుంటే మడత స్టిక్ సంచిలో పెట్టుకోండి, వెళ్ళేటప్పుడు అక్కర్లేకపోయినా వచ్చేటప్పుడు కావాలి. బాగుంది కదా అని ఒక్కరోజే అన్ని పనులూ చేసేస్తే తర్వాత మూడు రోజులు పడుకోవాలి, ఇది నొప్పితో బతికే ప్రతి ఒక్కరికీ తెలిసిందే. ఎవరైనా ఏమ్మా ఇంత చిన్న వయసులో కర్రేంటి అని అడిగితే "నడుం నొప్పండి, ఇది ఉంటే ఇంకాస్త దూరం నడుస్తాను" అనండి, చాలు, ఎక్స్‌రేలు చూపించక్కర్లేదు.

మందులు వేసుకుంటే తూలుతున్నాను, కర్ర సరిపోతుందా?

ముందు డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, రాత్రి వేసుకోమనే అమిట్రిప్టిలిన్, గట్టి నొప్పికి ఇచ్చే ట్రమడాల్, వీటన్నిటికీ మత్తు, తల తిరగడం ఉంటాయి. డోసు మార్చడమో, టైమ్ మార్చడమో వాళ్ళు చూస్తారు, మీరంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. రాత్రి బాత్రూమ్‌కి లేచేటప్పుడు మంచం మీద కాసేపు కూర్చుని, లైటు వేసుకుని, కర్ర తీసుకుని అప్పుడు నడవండి.

ఎక్కడ కొనాలి? ఎంతవుతుంది?

బెజవాడలో సూర్యారావుపేట, గవర్నరుపేట, గుంటూరులో కొత్తపేట, హాస్పిటళ్ళు ఉన్న వీధుల్లోనే సర్జికల్ షాపులూ ఉంటాయి. మామూలు స్టిక్ వందల్లో వస్తుంది, రోలేటర్ వేలల్లో ఉంటుంది. అబ్బాయిని పంపించి తెప్పించుకోవద్దు, మీరే వెళ్ళండి, మీ చెప్పులతో, షాపు బయట పేవ్‌మెంట్ మీద ఒక రౌండ్ నడిచి చూడండి, మంచి షాపువాళ్ళు ఏమీ అనరు. లేబుల్ మీద ఎంత బరువు ఆపుతుందో రాసి ఉంటుంది, మీ బరువుతో పోల్చుకోండి. ఆన్‌లైన్‌లో తీసుకుంటే వెనక్కి తీసుకునే సౌకర్యం ఉన్నదే తీసుకోండి.

ప్రభుత్వం ఉచితంగా ఇస్తుందా?

60 దాటి, పేద కుటుంబం అయితే రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది, 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. చేతికర్రలు, మోచేతి క్రచెస్, వాకర్లు, నాలుగు కాళ్ళ స్టిక్‌లు, వీల్‌చైర్లు క్యాంపులు పెట్టి ఇస్తారు, కాన్పూర్‌లో ఉన్న అలిమ్కో అనే ప్రభుత్వ సంస్థ తయారుచేసి పంపుతుంది. వయసుతో పనిలేకుండా 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకి, ఆదాయ పరిమితికి లోబడి, ఇలాంటి పరికరాలే ఇచ్చే, 1981 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ ఏడీఐపీ స్కీమ్ ఉంది. క్యాంపు ఎప్పుడో, సదరం స్లాట్ (వైకల్యం సర్టిఫికెట్ కోసం చేసే పరీక్షకి ఇచ్చే తేదీ) ఎప్పుడో వార్డు సచివాలయంలో అడగండి.

ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు రాశారు, అందులో దీర్ఘకాలిక నొప్పి అని విడిగా లేదు. కీలు ఎంత వంగుతోంది, కండ ఎంత బలంగా ఉంది, ముఖ్యంగా ఇలాంటి కొలతలు చూసే శాతం ఇస్తారు, ఒక్క నొప్పి చాలదు. రోజంతా నొప్పితో ఉన్నవాళ్ళు చాలామంది ఖాళీ చేతుల్తో తిరిగొస్తారు. అయినా కీళ్ళు వంకరపోయినా, కాలు బలం తగ్గినా ఆ కాగితాలన్నీ పట్టుకుని వెళ్ళండి, ముందే వద్దనుకుని ఆగిపోకండి.

కర్ర సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళాలి?

నడుం నొప్పితో పాటు మూత్రం, విరేచనం మీద పట్టు పోయినా, తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, పాదం ఉన్నట్టుండి పైకి లేవకుండా ఈడ్చుకుపోతున్నా, ఆ రాత్రికి ఆ రాత్రే వెళ్ళాలి, తెల్లారనివ్వకూడదు. జ్వరంతో ఒక కీలు ఎర్రగా వాచినా అంతే. పడిపోయాక కాలు మోపలేకపోయినా సొంత వైద్యం వద్దు.

వీల్‌చైర్ దాకా వచ్చేస్తానేమో అని భయంగా ఉంది.

ఆ భయం చాలామందికి ఉంది, అందుకే కర్ర కూడా ముట్టుకోరు. రైల్వే స్టేషన్‌లోనో, పెద్ద హాస్పిటల్‌లోనో దూరం ఎక్కువైతే ఆ కాసేపు వీల్‌చైర్ అడిగి కూర్చుంటే జీవితాంతం కూర్చోవాలని ఏం లేదు. ప్లాట్‌ఫామ్ చివరిదాకా నడిచి రైలెక్కేసరికి ఒళ్ళు హూనమైతే ప్రయాణం, వెళ్ళిన చోట పెళ్ళి రెండూ పోతాయి. వీల్‌చైర్‌లో వెళ్ళి పెళ్ళిలో కర్రతో తిరగండి.

కర్రకి మెయింటెనెన్స్ ఏమైనా ఉంటుందా?

రబ్బరు బుష్ ఒక్కటే. కర్ర తిరగేసి కింద చూడండి, కొత్తదానికి గుండ్రంగా గాడులుంటాయి, వాడేకొద్దీ అవి అరిగి నున్నగా అవుతాయి, చాలామందికి ఒక పక్కే ఏటవాలుగా అరుగుతుంది, గాడులు కనపడకపోయినా, అంచు చీలినా, మధ్యలోంచి లోహం తొంగిచూసినా మార్చెయ్యాలి, టైల్స్ మీద అది సబ్బు ముక్కలా జారుతుంది. నెలకోసారి చూడండి, ఎండాకాలం తర్వాత ఇంకోసారి, ఎండలో పెడితే రబ్బరు గట్టిపడి బీటలు తీస్తుంది. 16, 19, 22 మిల్లీమీటర్లు ఇలా సైజులుంటాయి, వదులుగా ఉన్నది తొడిగి లోపల కాగితం కుక్కొద్దు. షాపుకి వెళ్ళేటప్పుడు కర్ర తీసుకెళ్ళండి, లేదా పాత బుష్ పట్టుకెళ్ళి చూపించండి, రెండు తీసుకుని ఒకటి ఇంట్లో పెట్టుకోండి.